డీజే కంట్రోలర్ బటన్లు మనకి కావాల్సినట్టు మార్చుకోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్ బెటర్? సెరాటో, రెకార్డ్‌బాక్స్, ట్రాక్టర్, వర్చువల్ డీజే, మిక్స్‌ఎక్స్ పోలిక

కంట్రోలర్ కొన్న కొత్తలో అన్నీ బాగానే ఉంటాయి. నాలుగు ఫంక్షన్లు కొట్టాక మొదలవుతది గోల. ఈ ప్యాడ్ మోడ్ నేను వాడనే వాడను, ఇక్కడ నాకు సాంప్లర్ (హార్న్, సైరన్ లాంటి చిన్న సౌండ్లు కొట్టేది) ఉంటే బాగుండు, షిఫ్ట్ నొక్కి ఇంకోటి నొక్కే బదులు ఒక్క బటన్‌తో అయిపోతే బాగుండు అనిపిస్తది. అప్పుడు మ్యాపింగ్ అనే మాట వెతుకుతారు, వెతికితే ఒకాయన ట్రాక్టర్ అంటాడు, ఇంకొకాయన వర్చువల్ డీజే తప్ప వేరేది వేస్ట్ అంటాడు, ఇంకొకాయన ఫ్రీగా మిక్స్‌ఎక్స్ ఉండగా డబ్బులెందుకు అంటాడు. ముగ్గురూ వాళ్ల పనికి కరెక్టే చెప్తున్నారు, కానీ మీ పని ఏంటో ముందు తేల్చుకోకపోతే ఏ సలహా పనికిరాదు.

ఒక చిన్న మాట. మిక్స్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ పేరు చివర మూడు ఎక్స్‌లు ఉంటాయి, మామూలు మిక్స్‌తో కలిసిపోకుండా ఇక్కడ మిక్స్‌ఎక్స్ అని రాస్తున్నా.

ముందు అసలు లోపల ఏం జరుగుతదో

కంట్రోలర్‌లో బటన్ నొక్కితే పాట ప్లే అవ్వదు. కంట్రోలర్ ఒక మిడి (మ్యూజిక్ పరికరాలు మాట్లాడుకునే నంబర్ల భాష) మెసేజ్ మాత్రమే పంపుతది, ఫలానా ఛానెల్‌లో ఫలానా నంబర్ నోట్ ఆన్ అయింది అని. దాన్ని చూసి ప్లే చెయ్యాలా, క్యూ చెయ్యాలా (గుర్తు పెట్టిన చోటికి వెళ్లాలా) అనేది సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తది, ఆ లిస్టే మ్యాపింగ్. ఉదాహరణకి పయనీర్ డీడీజే-400 కంట్రోలర్‌లో మొదటి డెక్ (ఒక పాట నడిచే ప్లేయర్) ప్లే బటన్ ఛానెల్ 1 లో నోట్ 11 పంపుతది. అదే బటన్ షిఫ్ట్ పట్టుకుని నొక్కితే నోట్ 71 వస్తది. అంటే షిఫ్ట్ లేయర్ (అదే బటన్‌కి రెండో పని) కంట్రోలరే ఇచ్చేస్తుంది, సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ షిఫ్ట్ తయారు చెయ్యక్కర్లేదు. అన్ని కంట్రోలర్లూ ఇలా ఉండవు, కొన్నిట్లో షిఫ్ట్ కూడా ఒక మామూలు బటనే, లేయర్ మనమే కట్టుకోవాలి. మీది ఏ రకమో తెల్సుకోవాలంటే విండోస్‌లో మిడి-ఓఎక్స్, మ్యాక్‌లో మిడి మానిటర్ లాంటి చిన్న ఫ్రీ టూల్ పెట్టి బటన్లు నొక్కి చూడండి, ఏ నంబర్ వస్తుందో స్క్రీన్ మీద కనిపిస్తది. కంపెనీలు మోడల్ వారీగా మిడి మెసేజ్ లిస్ట్ పీడీఎఫ్ కూడా పెడతాయి, పయనీర్ వాళ్లవి చాలా నీట్‌గా ఉంటాయి.

ఇది బటన్లు లోపలికి పంపే సగం. రెండో సగం లైట్లు. బటన్ కింద ఎల్‌ఈడీ వెలగాలంటే సాఫ్ట్‌వేర్ తిరిగి కంట్రోలర్‌కి మెసేజ్ పంపాలి, మామూలుగా అదే నోట్ 127 తో పంపితే వెలుగుతది, 0 తో పంపితే ఆరుతది, కలర్ ప్యాడ్‌లైతే మధ్యలో ఉన్న నంబర్లు రంగులు. సాఫ్ట్‌వేర్ల మధ్య అసలు తేడా ఇక్కడే బయటపడతది. బటన్ పని మార్చడం అందరూ చేయనిస్తారు, లైట్ దగ్గరికొచ్చేసరికి కొందరు చేతులెత్తేస్తారు. చీకటి హాల్‌లో, తలపైన లేజర్ లైట్లు తిరుగుతుంటే ఏ ప్యాడ్ ఆన్‌లో ఉందో కనిపించకపోతే మీరు ఎంత బాగా మ్యాప్ చేసినా ఉపయోగం లేదు.

ఏం చూసి ఎంచుకోవాలి

నా లెక్కలో ఈ ఐదు, ఇదే వరుసలో.

మొదటిది మీ దగ్గర ఉన్న లైసెన్స్. చాలామంది దీన్ని ఆఖర్న చూస్తారు. డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4 కొన్నవాళ్లకి సెరాటో డీజే లైట్ వస్తది, కానీ లైట్‌లో మిడి మ్యాపింగే లేదు, ప్రో కొనాలి. అదే కంట్రోలర్ తగిలిస్తే రెకార్డ్‌బాక్స్ పెర్ఫార్మెన్స్ మోడ్ (ల్యాప్‌టాప్‌తో లైవ్‌లో వాయించే మోడ్) మాత్రం డబ్బులు లేకుండా ఓపెన్ అవుతది.

రెండోది ఒక బటన్‌కి ఒక పనేనా, లేక రెండు మూడు పనులు కలిపి, షరతు పెట్టి చేయించాలా.

మూడోది లైట్లు, పైన చెప్పిందే.

నాలుగోది జాగ్ వీల్ (చేత్తో తిప్పే చక్రం), టెంపో ఫేడర్ (పాట వేగం మార్చే స్లైడర్). ఇది కొంచెం వివరంగా చెప్పాలి. మామూలు మిడి విలువ 0 నుంచి 127 దాకా, అంటే 128 మెట్లు. టెంపో రేంజ్ ప్లస్ ఆర్ మైనస్ 8 శాతం పెట్టుకుంటే మొత్తం 16 శాతాన్ని 128 మెట్లుగా కోయాలి, ఒక్కో మెట్టు 0.125 శాతం. 128 బీపీఎం (నిమిషానికి బీట్లు) పాట మీద అది 0.16 బీపీఎం. చెవితో బీట్ మ్యాచ్ చేసేవాళ్లకి ఇది చాలా పెద్ద గంతు, రెండు పాటలు కలిసినట్టే ఉండి కాసేపటికి విడిపోతాయి. అందుకే మంచి కంట్రోలర్లు రెండు మెసేజ్‌లు జోడీగా పంపి 16,384 మెట్లు ఇస్తాయి, దీన్నే 14 బిట్ అంటారు. మీరు తెలియక లెర్న్ (కదిపినదాని నంబర్ సాఫ్ట్‌వేర్ పట్టుకునే బటన్) నొక్కి ఫేడర్ కదిపితే కొన్నిసార్లు ఆ జోడీలో ఒకటే పట్టుకుంటది, ఫేడర్ పనిచేస్తున్నట్టే ఉంటది కానీ గంతులేస్తది. సింక్ (రెండు పాటల వేగం సాఫ్ట్‌వేరే కలపడం) వాడేవాళ్లకి ఈ తేడా పెద్దగా తెలియదు.

జాగ్ వీల్ అయితే ఇంకా మొండిది, అది ఎక్కడుందో చెప్పదు, ఎంత కదిలిందో మాత్రమే చెప్తది. కొన్ని మోడల్స్ ముందుకి 65 వెనక్కి 63 పంపుతాయి, కొన్ని ముందుకి 1 వెనక్కి 127. ఈ రకం తప్పు సెలెక్ట్ చేస్తే జాగ్ ముందుకి తిప్పినా వెనక్కి దూకుతది, లేదా పిచ్చి పట్టినట్టు పరిగెత్తుతది. పాడైపోయిందనుకుని సర్వీస్‌కి పంపేముందు ఇది చూసుకోండి.

ఐదోది ఫైల్. మ్యాపింగ్ బయటికి తీసి దాచుకోగలమా, ఇంకో ల్యాప్‌టాప్‌లో పెట్టగలమా.

| సాఫ్ట్‌వేర్ | మార్చే పద్ధతి | ఒక బటన్‌కి షరతులు, పలు పనులు | లైట్లు మన చేతిలో | జాగ్ మ్యాపింగ్ | ఫైల్ |
|---|---|---|---|---|---|
| సెరాటో డీజే ప్రో | స్క్రీన్ మీద క్లిక్ చేసి బటన్ నొక్కడం | లేదనే అనుకోండి | తక్కువ | లేదు | ఎక్స్‌ఎంఎల్ |
| రెకార్డ్‌బాక్స్ | పట్టికలో ఫంక్షన్ ఎంచుకుని లెర్న్ | లేదు | కోడ్ ఇవ్వొచ్చు | ఉంది | సీఎస్‌వీ |
| ట్రాక్టర్ ప్రో | కంట్రోలర్ మేనేజర్‌లో ఇన్, ఔట్ లైన్లు | బాగా ఉంది, కోడింగ్ లేకుండా | పూర్తిగా | ఉంది | టీఎస్‌ఐ |
| వర్చువల్ డీజే | బటన్ నొక్కి పక్కన స్క్రిప్ట్ రాయడం | చాలా ఉంది | పూర్తిగా | ఉంది | ఎక్స్‌ఎంఎల్ |
| మిక్స్‌ఎక్స్ | విజార్డ్, లేదా ఎక్స్‌ఎంఎల్ తో పాటు జావాస్క్రిప్ట్ | హద్దు లేదు | పూర్తిగా | ఉంది, రాసుకోవాలి | ఎక్స్‌ఎంఎల్, జేఎస్ |

ఐదిటినీ ఒకే పని మీద పెట్టి చూద్దాం, లేకపోతే ఇది ఉంది అది లేదు అని లిస్ట్ చదివినట్టే అవుతది. పని ఇది: సంగీత్ నడుస్తుంటే యాంకర్ సడన్‌గా మైక్ పట్టుకుంటాడు, పెళ్లికూతురు ఎంట్రీ అంటాడు. పాట మొహం మీద కొట్టినట్టు ఆగకూడదు. ఒక్క బటన్ నొక్కితే ఎకో పడాలి, రెండు సెకన్లకి డెక్ ఆగాలి, ఆ బటన్ లైట్ బ్లింక్ అవ్వాలి. తెలుగు పెళ్లిళ్లు కొట్టేవాళ్లకి ఇది రోజూ ఉండే అవసరమే.

సెరాటో డీజే ప్రో

మార్చడం ఇంత ఈజీగా ఇంకెక్కడా లేదు. సెటప్‌లో మిడి ట్యాబ్, పైన మిడి బటన్ ఆన్ చేసి స్క్రీన్ మీద ఏది కావాలో దాని మీద క్లిక్ చేసి, కంట్రోలర్‌లో బటన్ నొక్కడమే. పక్కన పెట్టుకునే చిన్న ప్యాడ్ బాక్స్‌లు, ఫేడర్ బాక్స్‌లు కలుపుకోవడానికి దీనికి మించింది లేదు. సెరాటో సపోర్ట్ చేసే మెయిన్ కంట్రోలర్ ఒకటి, పక్కన సాంప్లర్ కోసం చిన్న మిడి ప్యాడ్ ఒకటి, పది నిమిషాల్లో సెట్ అయిపోద్ది.

ఇబ్బంది ఏంటంటే స్క్రీన్ మీద లేని పని బటన్‌కి ఇవ్వలేరు. రెండు పనులు కలిపి టైమ్ పెట్టి చేయించడం దీని స్వభావంలో లేదు. మన మైక్ బటన్ పని ఇక్కడ వేరే దారిలో చెయ్యాలి: ఎఫెక్ట్స్‌లో ఎకో అవుట్ అని ఒకటి ఉంది, దాన్ని ఒక స్లాట్‌లో పెట్టి ఆ స్లాట్ ఆన్ బటన్‌ని మ్యాప్ చేస్తే సౌండ్ ఎకోతో కరిగిపోతది. పాట మాత్రం లోపల నడుస్తూనే ఉంటది, డెక్ మీరే ఆపాలి. నిజం చెప్పాలంటే చాలామందికి ఇది చాలు.

ఇంకోటి, సెరాటో సపోర్ట్ లేని కంట్రోలర్‌ని మెయిన్ డెక్ లాగా మ్యాప్ చేసి వాడేద్దాం అనుకోవద్దు. దానికి గుర్తించిన హార్డ్‌వేర్ ఏదో ఒకటి తగిలించి ఉండాలి, లేకపోతే ప్రాక్టీస్ మోడ్ దగ్గరే ఆగుతది. జాగ్ వీల్ కూడా లెర్న్ చేయించలేరు.

రెకార్డ్‌బాక్స్

పయనీర్ కంట్రోలర్ ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఇందులోనే ఉంటారు కాబట్టి ఇక్కడ ఒక విషయం కుండబద్దలు కొట్టినట్టు చెప్పాలి. మీరు మ్యాపింగ్ అనుకుంటున్న దాంట్లో సగం అసలు మ్యాపింగ్ కాదు. ప్యాడ్ ఎఫ్‌ఎక్స్ మోడ్‌లో ఏ ప్యాడ్‌కి ఏ ఎఫెక్ట్ ఉండాలో రెకార్డ్‌బాక్స్ స్క్రీన్ మీదే ఎడిట్ నొక్కి మార్చుకోవచ్చు, మిడి జోలికి పోనక్కర్లేదు. రిలీజ్ ఎఫ్‌ఎక్స్ (పాటని ఎఫెక్ట్‌తో ముగించేవి) కూడా ఉన్నాయి, ఎకో, బ్యాక్ స్పిన్, వినైల్ బ్రేక్. అంటే యాంకర్ మైక్ పట్టుకునే సీన్‌కి ఒక ప్యాడ్‌కి రిలీజ్ ఎకో పెట్టుకుంటే చాలు, లైట్ కూడా దానంతటదే సరిగ్గా వెలుగుతది. ఇది వదిలేసి చాలామంది మిడి లెర్న్‌లో రాత్రంతా కొట్టుకుంటుంటారు.

నిజంగా మ్యాపింగే కావాలంటే పైన మిడి బటన్ నొక్కితే ఒక పట్టిక ఓపెన్ అవుతది, డెక్, మిక్సర్, బ్రౌజ్, ఎఫెక్ట్ అని ట్యాబ్‌లు, ఒక్కో ఫంక్షన్ పక్కన మిడి ఇన్, మిడి ఔట్ కోడ్‌లు. ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ ఉన్నాయి, బయటికి వచ్చేది సీఎస్‌వీ ఫైల్, ఎక్సెల్‌లో ఓపెన్ చేసి చూడొచ్చు. అది మంచి సౌకర్యం, ఎందుకంటే ఒకేసారి ముప్పై ప్యాడ్‌లు మార్చాలంటే ఒక్కొక్కటి లెర్న్ నొక్కే కంటే ఎక్సెల్‌లో నంబర్లు మార్చి వెనక్కి ఎక్కించడం తేలిక. అందులో టైప్ కాలమ్‌లో హై రెస్ అని కనిపిస్తే అది 14 బిట్ ఫేడర్ అని అర్థం, దాన్ని మామూలు నాబ్ టైప్‌కి మార్చకండి.

షరతులు, స్క్రిప్ట్ లాంటివి లేవు. కానీ క్లబ్‌లో సీడీజేల (అక్కడ ఉండే పయనీర్ ప్లేయర్లు) మీద వాయించాలనే ఉద్దేశం ఉన్నవాళ్లు దీన్ని వదిలి వెళ్లకపోవడమే మంచిది, యూఎస్‌బీ ప్రిపేర్ చేసేది ఎలాగూ ఇందులోనే, అక్కడికి వెళ్లాక మీ మ్యాపింగ్ మీతో రాదు. డిఫాల్ట్ లేఅవుట్‌కి చేతులు అలవాటు పడి ఉండడమే అక్కడ పనికొస్తది.

ట్రాక్టర్ ప్రో

ప్రోగ్రామింగ్ రాదు కానీ బుర్ర పెట్టి కూర్చోగలను అనేవాళ్లకి ఇదే. ట్రాక్టర్ ప్రో 4 2024లో వచ్చింది, కానీ మ్యాపింగ్ చేసే కంట్రోలర్ మేనేజర్ చూస్తే పదేళ్ల కిందటి సాఫ్ట్‌వేర్‌లా ఉంటది, చిన్న అక్షరాలు, పొడుగు లిస్ట్. చూడ్డానికి అలా ఉన్నా లోపల సరుకు ఉంది.

దీని గుట్టు మాడిఫయర్లు. ఎం1 నుంచి ఎం8 దాకా ఎనిమిది ఉంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 7 దాకా విలువ ఇవ్వొచ్చు. ఒక బటన్ పట్టుకున్నంతసేపు ఎం1 విలువ 1 అవ్వాలి, వదిలితే 0 అవ్వాలి అని హోల్డ్ మోడ్‌లో పెట్టారనుకోండి, అదే మీ షిఫ్ట్. ఇప్పుడు ప్యాడ్ 1 కి రెండు లైన్లు రాయండి, ఎం1 సున్నా అయితే హాట్ క్యూ (పాటలో గుర్తు పెట్టిన చోటికి దూకడం), ఎం1 ఒకటి అయితే లూప్. ఒక్కో లైన్‌కి రెండు షరతులు పెట్టుకోవచ్చు. ఇలా ఎనిమిది ప్యాడ్‌ల మీద నాలుగైదు లేయర్లు కట్టేవాళ్లు ఉన్నారు. తర్వాత ఏ లేయర్‌లో ఏముందో వాళ్లకే గుర్తుండదు అది వేరే విషయం.

ఒకే బటన్‌కి ఎన్ని పనులైనా ఇవ్వొచ్చు, అదే నోట్‌తో ఇంకో లైన్ యాడ్ చేస్తే చాలు. కానీ టైమర్ లేదు. అందుకని మన మైక్ బటన్‌ని ఇలా చెయ్యాలి: నొక్కి పట్టుకున్నప్పుడు ఎకో ఆన్, వదిలినప్పుడు డెక్ ఆగడం, రెండో లైన్‌లో ఇన్వర్ట్ టిక్ పెడితే వదిలినప్పుడు పనిచేస్తది. రెండు సెకన్లు మీ వేలే లెక్క పెడుతుంది. నాకైతే ఇది టైమర్ కంటే బాగుంటది, ఎందుకంటే యాంకర్ ఎప్పుడు నోరు తెరుస్తాడో సాఫ్ట్‌వేర్‌కి తెలియదు కదా.

లైట్ల కోసం ఔట్ లైన్ వేరుగా రాయాలి. ప్లే ఆన్‌లో ఉంటే ఏ నంబర్ పంపాలి, ఆఫ్‌లో ఏ నంబర్ అని రేంజ్ ఇస్తారు. బటన్ మ్యాప్ చేసి లైట్ వెలగట్లేదు అని అడిగేవాళ్లలో ఎక్కువమంది ఈ ఔట్ లైనే రాసి ఉండరు. జాగ్ కోసం ఎన్‌కోడర్ మోడ్‌లో 3ఎఫ్/41, 7ఎఫ్/01 అని రెండు ఆప్షన్లు ఉంటాయి, పైన చెప్పిన 63/65, 127/1 అవే, వేరే రకంగా రాశారు అంతే.

వర్చువల్ డీజే

మన దగ్గర ఫంక్షన్ డీజేల్లో దీన్ని వాడేవాళ్లు చాలామంది, కానీ అందులో మ్యాపింగ్ పేజీ ఓపెన్ చేసి చూసినవాళ్లు తక్కువ. సెట్టింగ్స్‌లో కంట్రోలర్స్‌కి వెళ్లి కంట్రోలర్ మీద బటన్ నొక్కితే లిస్ట్ ఆ బటన్ దగ్గరికి దానంతటదే వెళ్తది, పక్కన ఇప్పుడు ఏం రాసుందో కనిపిస్తది, దాన్ని చెరిపి మీది రాసుకోవడమే. దీని భాష పేరు వీడీజే స్క్రిప్ట్. చిన్నది, ఇంగ్లీషు మాటల్లాగే ఉంటది. హాట్ క్యూ 1 అని రాస్తే హాట్ క్యూ 1, లూప్ 4 అని రాస్తే నాలుగు బీట్ల లూప్.

దీని అసలు బలం రెండు గుర్తుల్లో ఉంది. ప్రశ్న గుర్తు పెడితే షరతు: ముందు ఒక ప్రశ్న, తర్వాత ప్రశ్న గుర్తు, అవునైతే చేసే పని, కోలన్, కాకపోతే చేసే పని. పాట నడుస్తుంటే ఇది చెయ్, ఆగి ఉంటే అది చెయ్ అని ఒక్క లైన్‌లో అయిపోద్ది. ఆండ్ గుర్తు పెడితే పనులు వరసగా. మధ్యలో వెయిట్ అని పెట్టి మిల్లీ సెకన్లు ఇవ్వొచ్చు. అంటే మన మైక్ బటన్ పని ఇక్కడ ఒకే వాక్యం: ఎకో ఆన్, ఆండ్, వెయిట్ 2000 మిల్లీ సెకన్లు, ఆండ్, పాజ్, ఆండ్, ఎకో ఆఫ్. ఆఖర్న ఎకో ఆఫ్ చెయ్యడం మర్చిపోతే తర్వాత పాట కూడా ఎకోలోనే మొదలవుతది, హాల్‌లో అందరూ మీ వైపు చూస్తారు. లైట్లకి లిస్ట్‌లో ఎల్‌ఈడీ అనే పేరుతో మొదలయ్యే వేరే లైన్లు ఉంటాయి, వాటికి కూడా ఇదే స్క్రిప్ట్ రాస్తే బ్లింక్ కూడా వస్తది.

ఇంకో లాభం, ఇది గుర్తుపట్టే కంట్రోలర్లు బోలెడు. పాత మోడల్, ఎవరూ పట్టించుకోని మోడల్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారంటే ముందు ఇందులో పెట్టి చూడండి, చాలావరకు తగిలించగానే మ్యాపింగ్‌తో సహా వచ్చేస్తది.

లైసెన్స్ సంగతి జాగ్రత్త. ఇంట్లో కంట్రోలర్ లేకుండా వాడుకుంటే ఫ్రీ. ఫ్రీ వెర్షన్‌లో కంట్రోలర్ తగిలిస్తే పది నిమిషాలు పనిచేసి ఆగిపోద్ది, మళ్లీ సాఫ్ట్‌వేర్ తెరవాలి. మ్యాపింగ్ ట్రై చేసి నచ్చుతుందో లేదో చూసుకోవడానికి ఆ పది నిమిషాలు సరిపోతాయి, ఫంక్షన్‌కి సరిపోవు. డబ్బులు తీసుకుని కొట్టేవాళ్లకి ప్రో లైసెన్సే.

మిక్స్‌ఎక్స్

పూర్తిగా ఫ్రీ, ఓపెన్ సోర్స్, విండోస్, మ్యాక్, లైనక్స్ మూడిట్లో నడుస్తది. కంట్రోలర్ తగిలించడానికి ఏ లాకూ లేదు. డీడీజే-400, ఎఫ్‌ఎల్‌ఎక్స్4 లాంటి పాపులర్ మోడల్స్‌కి మ్యాపింగ్ రెడీగా వస్తది.

రెండు అంతస్తులు అనుకోండి. కింద అంతస్తు లెర్నింగ్ విజార్డ్, సెరాటోలో లాగే క్లిక్ చేసి బటన్ నొక్కడం. పై అంతస్తు జావాస్క్రిప్ట్. మ్యాపింగ్ అంటే ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్, ఏ మిడి నంబర్ ఎక్కడికి వెళ్లాలో అందులో ఉంటది, దాని పక్కన ఒక జేఎస్ ఫైల్, లెక్కలన్నీ అందులో. మన మైక్ బటన్‌కి ఒక ఫంక్షన్ రాసి, ఎకో యూనిట్ ఆన్ చేసి, బిగిన్ టైమర్ అనే దానికి 2000 ఇచ్చి, ఒక్కసారే నడిచేలా పెట్టి, లోపల డెక్ ఆపే లైన్ రాస్తే అయిపోయింది. ఇంకో టైమర్‌తో లైట్ బ్లింక్ చేయించొచ్చు. జావాస్క్రిప్ట్ వచ్చినవాళ్లకి ఇది ఆటలాంటిది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ వీకెండ్ డీజేయింగ్ చేసే మనవాళ్లు హైదరాబాద్‌లోనే కాదు అమెరికాలో కూడా చాలామంది ఉన్నారు, వాళ్లకి నా ఓటు దీనికే.

జాగ్ స్క్రాచ్ మాత్రం విజార్డ్‌తో కాదు, స్క్రిప్ట్‌లో స్క్రాచ్ ఎనేబుల్ అనే ఫంక్షన్ పిలవాలి. దానికి వీల్ ఒక చుట్టుకి ఎన్ని మెసేజ్‌లు పంపుతదో చెప్పాలి, తర్వాత 33 1/3 ఆర్‌పీఎం, ఆల్ఫా 1/8, బీటా ఆల్ఫాలో 32వ వంతు, ఇవి అందరూ మొదలుపెట్టే విలువలు. చుట్టుకి మెసేజ్‌ల లెక్క తప్పైతే వీల్ బరువుగా అయినా అనిపిస్తది, లేదా ముట్టుకుంటే జారిపోతది. ఒక మంచి పని చేశారు, మీరు రెడీ మ్యాపింగ్‌ని మార్చి సేవ్ చేస్తే ఒరిజినల్ పాడవ్వదు, మీ సొంత కంట్రోలర్స్ ఫోల్డర్‌లోకి కాపీ వెళ్తది.

లోటు ఏంటంటే స్ట్రీమింగ్ సర్వీస్‌ల పాటలు ఇందులో రావు, పాటల ఫైళ్లు మీ దగ్గరే ఉండాలి. లైబ్రరీ అంతా స్ట్రీమింగ్ మీద నడిపేవాళ్లు దీన్ని పక్కన పెట్టేయండి.

ఐప్యాడ్ మీద వాయించేవాళ్లకి డీజేయ్ ప్రో అని అల్గోరిడిమ్ వాళ్లది ఉంది, అందులోనూ మిడి లెర్న్ ఉంది, సింపుల్ మార్పులకి సరిపోతది.

ఎవరికి ఏది

రెండు మూడు బటన్లే మార్చాలి, మిగతా అంతా నచ్చింది అనేవాళ్లు సాఫ్ట్‌వేర్ మారొద్దు. ఉన్నదాంట్లోనే చెయ్యండి. లైబ్రరీ, క్యూ పాయింట్లు, బీట్ గ్రిడ్‌లు అన్నీ కొత్త సాఫ్ట్‌వేర్‌కి మోసుకెళ్లే తలనొప్పి రెండు బటన్ల కోసం అవసరమా.

పెళ్లిళ్లు, రిసెప్షన్లు, బరాత్‌లు కొట్టేవాళ్లు, సైరన్, హార్న్, అనౌన్స్‌మెంట్, మైక్ డకింగ్ (మైక్‌లో మాట్లాడితే పాట తగ్గడం) లాంటివి ఒక్క వేలితో కావాలనుకునేవాళ్లు వర్చువల్ డీజే చూడండి. లైసెన్స్ డబ్బులు రెండు ఫంక్షన్లలో వచ్చేస్తాయి.

టెక్నో, హౌస్ వాయిస్తూ నాలుగు డెక్‌లు, లూప్‌లు, ఎఫెక్ట్‌లతో ఆడుకునేవాళ్లకి ట్రాక్టర్. కాకపోతే వేరే కంపెనీ కంట్రోలర్‌కి మీరే మ్యాప్ చెయ్యడమో, ఎవరో చేసిన టీఎస్‌ఐ వాడడమో తప్పదు అనుకుని దిగండి.

స్క్రాచ్ చేసేవాళ్లు మ్యాపింగ్ సంగతి మర్చిపోయి అఫీషియల్‌గా సపోర్ట్ ఉన్న సాఫ్ట్‌వేర్, కంట్రోలర్ జోడీలోనే ఉండండి. సొంతంగా మ్యాప్ చేసిన జాగ్ ఎంత బాగా కుదిరినా కంపెనీ వాళ్లు దగ్గరుండి ట్యూన్ చేసినట్టు ఉండదు. జాగ్ మధ్యలో స్క్రీన్ ఉన్న మోడల్స్ అయితే మరీను, మామూలు మిడి మ్యాపింగ్‌తో ఆ స్క్రీన్ సాధారణంగా వెలగదు.

స్టూడెంట్, డబ్బులు లేవు, టైమ్ ఉంది అంటే ఆలోచించక్కర్లేదు, మిక్స్‌ఎక్స్.

ఇందులో ఏదీ సరిపోక, రెకార్డ్‌బాక్స్‌లోనే ఉండాలి కానీ స్క్రిప్ట్ కావాలి అనేవాళ్లకి మధ్యే మార్గం ఒకటి ఉంది, బోమ్ మిడి ట్రాన్స్‌లేటర్. కంట్రోలర్ మెసేజ్‌ని ఇది ముందు పట్టుకుని, మార్చి, వర్చువల్ పోర్ట్ ద్వారా డీజే సాఫ్ట్‌వేర్‌కి పంపుతది. టైమర్లు, షరతులు అన్నీ ఇందులో పెట్టుకోవచ్చు. కానీ లైవ్‌లో ఇంకో ప్రోగ్రామ్ నడపాలి, అది ఆగితే బటన్లన్నీ చచ్చిపోతాయి, కాబట్టి మెయిన్ కంట్రోలర్ మీద కాకుండా పక్కన పెట్టుకున్న చిన్న ప్యాడ్ బాక్స్ మీదే వాడమంటాను.

దిగేముందు చూసుకోవాల్సినవి

హార్డ్‌వేర్ మిక్సర్ ఉన్న కంట్రోలర్ అయితే, అంటే ల్యాప్‌టాప్ లేకుండా కూడా మైక్, సీడీజే కలిపి మిక్స్ చేయగలిగే రకం అయితే, ఫేడర్, ఈక్యూలని (బేస్, ట్రెబుల్ నాబ్‌లు) సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ మ్యాప్ చెయ్యకండి. సౌండ్ మీద ఒకే పని రెండుసార్లు జరుగుతది, బేస్ సగం తగ్గిస్తే మొత్తం మాయమవుతది. సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌టర్నల్ మిక్సర్ మోడ్ పెట్టాలి.

మ్యాపింగ్ అయ్యాక సౌండ్ రావట్లేదంటే చాలావరకు అది మ్యాపింగ్ తప్పు కాదు. కంట్రోలర్ లోపలి సౌండ్ కార్డ్ వేరే విషయం, ఆడియో సెట్టింగ్స్‌లో మాస్టర్‌కి 1-2, హెడ్‌ఫోన్‌కి 3-4 అని విడిగా ఇవ్వాలి, చాలా కంట్రోలర్లలో ఇదే వరస.

విండోస్‌లో రెండు డీజే సాఫ్ట్‌వేర్లు ఒకేసారి తెరిచి పెట్టొద్దు. చాలా డ్రైవర్లలో మిడి పోర్ట్‌ని మొదట ఎవరు తెరిస్తే వాళ్లదే, రెండోదానికి కంట్రోలర్ కనిపించదు. మిడి-ఓఎక్స్ మూయకుండా వదిలేసినా ఇదే జరుగుతది, కేబుల్ మారుస్తూ కూర్చుంటారు.

లేయర్లు పెట్టుకుంటే నాబ్‌లకి సాఫ్ట్ టేకోవర్ ఆన్ చెయ్యండి. లేయర్ మార్చినప్పుడు నాబ్ ఒకచోట, సాఫ్ట్‌వేర్‌లో విలువ ఇంకోచోట ఉంటది, ముట్టుకోగానే వాల్యూమ్ ఎగిరిపడతది. సాఫ్ట్ టేకోవర్ ఉంటే నాబ్ ఆ విలువ దాటేదాకా సాఫ్ట్‌వేర్ పట్టించుకోదు.

ఫైల్ విషయం. మార్చేముందు ఒరిజినల్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టండి, మీది ప్రతిసారీ తేదీ వేసి వేరే పేరుతో సేవ్ చెయ్యండి, పాటల పెన్ డ్రైవ్‌లోనే ఒక కాపీ ఉంచండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఫంక్షన్ ముందు రోజు చెయ్యకండి, కంట్రోలర్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అసలే వద్దు. చేశారంటే ప్రతి ప్యాడ్ ఒక్కసారైనా నొక్కి, లైట్ వెలిగిందో లేదో చూసుకున్నాకే బ్యాగ్ సర్దండి.